ఏడు నిమిషాల కుట్ర

"ఫోల్క్‌మార్, ఈ జర్మనీ మొత్తమ్మీద పనిచేసే బుర్రలు రెండే. ఒకటి నాది. రెండోది ఇంకా పుట్టలేదు."

ముప్ఫై ఏళ్లు తపాలా ఆఫీసులో ముద్రలు కొట్టి రిటైరైన మా పక్కింటి ఎక్‌బర్ట్, భూతద్దం పట్టుకుని మా వంటింటి బల్ల మీదికి వంగి ఈ మాటన్నాడు. నిన్నటిదాకా ఆ బల్ల మీద నా ప్లానుండేది. ఏ ఏజెంటునీ అడక్కుండా నాలుగు నెలలు కూర్చుని, పదకొండు రోజుల రైలు ప్రయాణం నిమిషాలతో సహా రాసుకున్న పద్నాలుగు పేజీలు. అందులో మొదటిరోజే ప్రాణం. పోటు వేళ చూసుకుని దీవికి రోజుకొక్కటే పడవ వెళుతుంది. అది తప్పితే మా ఆవిడ రోస్విత వాళ్లక్క ఎనభయ్యో పుట్టినరోజుకి అందుకోలేం. ప్రయాణం శనివారం. ఇవాళ గురువారం. ప్లాను మాయం.

"రోస్విత ఏదీ?"

"జుట్టు కత్తిరించుకోడానికి వెళ్లింది."

"అయితే అనుమానితుల్లోంచి ఆవిణ్ణి కొట్టేశా."

ప్లాను కింద ఉండే ఖాళీ కాగితం మీద ఎక్‌బర్ట్ పెన్సిలు రుద్దాడు. అచ్చు తేలింది: లిండ్‌హోర్న్, 11.52, ప్లాట్‌ఫారం 3, ఏడు నిమిషాలు.

"ముఠా సంకేతం," అన్నాడు గొంతు తగ్గించి. "ఏడు నిమిషాల్లో సరుకు చేతులు మారుతుంది."

"అది నా రాతేనయ్యా. అక్కడ రైలు మారాలి. ఏడు నిమిషాలు చాలవని మోకాలినొప్పి మనిషి రోస్విత, చాలని నేను, వారం నుంచీ దెబ్బలాడుకుంటున్నాం."

"నీ రాతని కూడా వాడేసుకున్నారన్నమాట. ఘోరం. టోపీ పెట్టుకో."

స్టేషన్లో లిండ్‌హోర్న్ బండి ముందు పెట్టె ఎక్కబోతున్న నన్ను కోటు పట్టి లాగాడు. "వేటగాడు వెనకుండాలి." దారి పొడుగునా ఓ ముసలావిడ మీద నిఘా వేశాడు. ఆవిడ జాలిపడి పిప్పరమెంటిచ్చింది. "విషం," అని నా చెవిలో చెప్పి చప్పరించాడు. అదే సమయంలో మైకులో ఏదో చెప్పారు గానీ నాకు వినపడలేదు.

రైలాగింది. అది లిండ్‌హోర్న్ కాదు. బీట్‌రూట్ పొలాల మధ్య ఒక ప్లాట్‌ఫారం, ఒక బెంచీ. బెంచీ మీద రోస్విత కూర్చుని జున్ను పెట్టిన రొట్టె తింటోంది. ఒళ్లో నా ప్లాను, మెళ్లో స్టాప్‌వాచ్. జుట్టు ఎక్కడిదక్కడే ఉంది.

"మీకంటే ముందు బండికే వచ్చా," అంది, ఏమాత్రం తడబడకుండా. "ఏడు నిమిషాల సంగతి నా మోకాలితోనే తేల్చుకుందామని. అక్కడ దిగాక లిఫ్టుకి దగ్గరని వెనక పెట్టె ఎక్కా. మధ్యలో రైలు రెండుగా విడిపోయింది. ముందు సగం లిండ్‌హోర్న్‌కి, వెనక సగం ఈ పొలాల్లోకి. గంట నుంచీ తిరుగు బండి లేదు. ఇది నీ పద్నాలుగు పేజీల్లో ఎక్కడుంది, ఫోల్క్‌మార్?"

ఎక్కడా లేదు. శనివారం ఆవిడ మోకాలి కోసం వెనక పెట్టే ఎక్కి మేమిక్కడే కూర్చునేవాళ్లం, పడవ వెళ్లిపోయేది.

"తప్పు నాదే," అన్నాను. నలభై ఏళ్ల కాపురంలో ఆవిడ ఈ మాట వినడం ఇది రెండోసారి.

ఎక్‌బర్ట్ కోటు కాలరు సర్దుకున్నాడు. "కేసు ముగిసింది. దొంగ వెనక పెట్టెలోనే వస్తుందని నాకు ముందే తెలుసు."

రోస్విత పెన్సిలందుకుని మొదటి పేజీలో 'ముందు పెట్టె' అని రాసి కింద రెండు గీతలు గీసింది. ఆ పైన, ప్రయాణికులన్న చోట మూడో పేరుగా ఎక్‌బర్ట్‌ని చేర్చింది. ఆయన ఉబ్బితబ్బిబ్బై భూతద్దం తుడుచుకుంటూ అవతలికి నడిచాడు.

"ఈయనెందుకే మనకి?" అన్నాను నెమ్మదిగా.

"ఇంకా ఇరవైరెండు రైళ్లున్నాయి," అంది రోస్విత. "ఆయన ఏ సగం ఎక్కితే, మనం రెండో సగం ఎక్కుదాం."