స్టీలుడబ్బా మూతోత్పాటనము

సూర్యుడు మేడల వెనుకకు ఒరిగిపోగా, వీధిదీపములు ఒక్కటొక్కటిగా కన్నులు తెరువగా, మూడవ అంతస్తులోని రెండుగదుల అద్దెయింటినుండి కూరవాసన మెట్లుదిగి వచ్చి, రానున్న అతిథులకు తానే ఎదురేగుచున్న ఆ శుభవేళ, ఓ జనులారా, చెవియొగ్గి వినుడు!

ఆ యింట నొక పసిబిడ్డతల్లి కలదు. నిద్రాలేశవిరహిత, సందేహసహస్రపీడిత, చంకబిడ్డాలంకృత యగు ఆ వీరవనిత, ఒకప్పుడు బట్టల కార్ఖానాలో తన పక్కన పనిచేసిన నెచ్చెలులిద్దరిని, "వంటంతా నేనే చేస్తా, బయటినుంచి ఒక్క ముద్ద తేను" అని శపథముచేసి మరీ పిలిచినది. ఆమెకు అగ్నిభయము లేదు, అంట్లభయము లేదు. ఉన్నదెల్ల ఒక్క మాట భయము. బిడ్డపుట్టి పని మానినది మొదలు ఎవరు చూచినను ఆమెను "పాపం" అనుచుండిరి. ఆ మాట ఈ పూట ఆ యిద్దరి నోట వచ్చెనా, ఇంక వారికి మొగము చూపలేనని ఆమె బెంగ.

కూర దిగినది. అతిథులు రాలేదు. చల్లారునేమోనని మాటిమాటికి మూత తీసి చూచెను. చూచుటవలననే చల్లారునేమోనని మరియొక బెంగ పుట్టెను. అంతట, పొగలు కక్కుచున్న ఆ బంగాళదుంపల కూరను సమస్తమును బిగుతుమూత గల పెద్ద స్టీలుడబ్బాలోనికి ఒంపి, మునివేళ్ళపై నిలిచి, ఒంటిబరువంతయు మోపి మూతను అదిమెను. అయ్యో విధీ! లోపలి ఆవిరి చల్లబడి ఆ మూతను చూషించి, కర్కశముగా కరచిపట్టెను.

నెచ్చెలులు వచ్చిరి. వారిలో పెద్దది, గుడ్డలు కత్తిరించుటలో గండరగండ, కత్తెరక్క. చిన్నది, అంగీలకు గుండీలు కుట్టు గుండీలపిల్ల. పళ్ళెములలో అన్నము పడినది. డబ్బా వచ్చినది. మూత రాలేదు.

"ఓరి లోహాధమా! నా కూరను నీ కడుపున దాచి నాకే ఎదురు నిలుతువా? నీ యంచులు వంచెదను, నీ మదమణచెదను, కాచుకొమ్ము!" అని హృదయకుహరమున సింహగర్జన మొనర్చి, పైకిమాత్రము "ఒక్క నిమిషం, ఇప్పుడే వస్తా" అని గొణిగి, ఆమె డబ్బాతో వంటింటిలోనికి జారుకొనెను.

అచ్చట బిడ్డనాడించుచున్న ఆమె పెనిమిటి లారీ మెకానిక్కు, ఘనభుజుడు. బిడ్డను భార్యకిచ్చి ముందుకురికెను.

"ఇటు తే. లారీ బోల్టులే విప్పుతా, ఇదెంత?"

"మెల్లగా అండీ, ఒలికిపోతుంది!"

"ఒలకాలంటే ముందు ఊడాలి కదే!"

గోళ్ళు విరిగినవి, స్క్రూడ్రైవరు వంగినది, మూత సొట్టపడినది, ఊడలేదు.

"ఏంటే, మొగుడూ పెళ్ళాం లోపల కూరంతా మీరే తినేస్తున్నారా?" అనుచు కత్తెరక్క గుండీలపిల్లను వెంటబెట్టుకొని గడప దాటి, సంగతి కనిపెట్టి, నేలపై చతికిలబడి డబ్బాను మోకాళ్ళనడుమ ఇరికించెను.

"లాగవే!"

"లాగుతున్నానక్కా! మూత రావట్లేదు, నువ్వే వచ్చేస్తున్నావు!" అని గుండీలపిల్ల కేకవేసెను. డబ్బాతోసహా అక్క వంటిల్లంతయు ఈడ్వబడెను.

ఆయాసము తీర్చుకొనుచు కత్తెరక్క తలయెత్తి, ఇల్లాలి మొగమువంక జాలిగా చూచెను. పెదవులు విడివడినవి. ఆ మాట వచ్చుచున్నది! సరిగ్గా అప్పుడే, చంకలోని ఆకలిగొన్న శిశువు దిక్కులు పిక్కటిల్ల ఏడుపందుకొనెను.

తల్లి చేతులు తమంత తామే పనిలో పడినవి. వేడినీళ్ళ గిన్నె, అందులో పాలసీసా. చల్లారి బిగుసుకొనిన సీసామూత వేడి తగులగనే వదులగుట ఆమె దినదినము చూచునదే. నేడును వదులైనది. ఆ మూతను చూచినది, ఈ మూతను చూచినది.

"ఇటివ్వండి డబ్బా!"

ఇల్లు మారుమ్రోగించిన ఆ గొంతునకు మెకానిక్కు సైతము ఉలికిపడి అందించెను. బిడ్డను, పాలసీసాను అతని చేతబెట్టి, బిడ్డ స్నానపుతొట్టిలో వేడినీరు నింపి, ఆమె డబ్బాను అందు నిలిపెను. అందరు తొట్టిపైకి వంగిరి.

టప్పు!

విజయశంఖమన్నను అదియే, భేరీనాదమన్నను అదియే. మూత లేచినది.

పళ్ళెములు వంటింటిలోనికే వచ్చినవి. తొట్టిచుట్టు నేలపైనే అందరు కూర్చుండిరి.

"కూర వెన్నలా ఉందే. దుంపలు అంత మెత్తగా ఎట్లా చేశావే?" అని ఇల్లాలిని కత్తెరక్క అడిగెను.

"నువ్వే కదక్కా, డబ్బాని ఊపి ఊపి మెదిపావు!" అని గుండీలపిల్ల.

నవ్వుచునే కత్తెరక్క మరికొంత వడ్డించుకొని, పక్కన పడియున్న మూతను తీసి, దాని సొట్టలను వ్రేలితో తడిమి, ఎట్టకేలకు ఆ మాట అననే అనెను.

"పాపం, చూడవే, దీని మొహం ఎలా అయిపోయిందో!"

ఇల్లాలు పొలమారునంత నవ్వెను. వినుడు, వినుడు! అన్నము చల్లారినను, నేల తడిసినను, ఆ పూట ఆ యింట "పాపం" అనిపించుకొన్నది ఒక్క మూత మాత్రమే!