మొహమాటం మూలుగు

మోకాలి ఆపరేషనైన మర్నాడు పొద్దున్నే, తెనాలి ఆసుపత్రి మంచం మీద ఇడ్లీ తింటూ శివరామయ్య మనసులో అన్నీ సర్దుకున్నాడు. సాయంత్రం వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తే శనివారం ఇంటికి పంపిస్తామన్నారు. ఆదివారం భట్టిప్రోలులో కూతురు భవ్య తాంబూలాలు. ఆ పళ్లెం తన చేతుల మీదుగా వెళ్తే చాలు, ఇంకేం అక్కర్లేదు ఆయనకి.

నొప్పంటారా, అసలు లేదు. వెన్నులో పెట్టిన సన్నటి గొట్టంలోంచి మత్తుమందు పంపిస్తూ, అది ఎక్కువసేపు పనిచేసేలా మత్తు డాక్టరు వంశీకృష్ణ అందులో ఇంకో మందు కొద్దిగా కలిపాడు. కోసింది తన కాలేనా అన్నంత హాయిగా ఉంది.

ఆ హాయే కొంప ముంచింది. చెల్లెలు సామ్రాజ్యం రేపల్లె నుంచి బస్సులో దారి పొడుగునా ఏడుస్తూ వచ్చింది. తీరా చూస్తే అన్నయ్య, ఇడ్లీలోకి కారప్పొడి ఏదని నర్సుతో వేళాకోళమాడుతున్నాడు. ఆవిడ ముఖం చిన్నబోయింది. "ఈమాత్రం దానికా నేను పడుతూ లేస్తూ వచ్చింది?" అంది. పరామర్శకి వచ్చిన మనిషిని ఊరికే పంపితే ఏం మర్యాద? శివరామయ్య మొహమాటానికి "అమ్మా" అని చిన్నగా మూలిగాడు. సామ్రాజ్యం తృప్తిగా కళ్లొత్తుకుంది.

తర్వాత చెరుకుపల్లి నుంచి బావమరిది దిగాడు. తన చెల్లెలికి మూలిగి, భార్య హైమావతి తమ్ముడికి మూలక్కపోతే ఆవిడ ఊరుకుంటుందా? అతనికి ఇంకాస్త గట్టిగా మూలిగాడు. మధ్యాహ్నం కొలకలూరు వాళ్లొచ్చారు. కాబోయే వియ్యాలవారాయె, కళ్లనీళ్లు కూడా తెప్పించుకున్నాడు.

నర్సు హడలిపోయి వంశీకృష్ణని పిలిచింది. గొట్టం జారిందేమో, అదే నిజమైతే సోమవారం దాకా ఇక్కణ్ణుంచి కదిలేది లేదన్నాడాయన. శివరామయ్య గబగబా నిజం కక్కేశాడు.

"నొప్పి లేదు బాబూ. వచ్చినవాళ్లు చిన్నబుచ్చుకుంటారని మూలిగానండి."

"నమ్మకండి డాక్టరుగారూ. తాంబూలాలకి వెళ్లాలని దాచేస్తున్నాడు" అంది సామ్రాజ్యం. హైమావతి అవునని తలూపింది. వదినా ఆడపడుచూ ఒక మాట మీద నిలబడడం అదే మొదలు.

శివరామయ్యకి ఒళ్లు మండింది. వాకర్ తెప్పించుకుని, డాక్టరు పక్కనుండగా గుమ్మం దాకా నడిచి, నవ్వుతూ వెనక్కొచ్చాడు. గొట్టం కూడా ఉన్నచోటే ఉంది. శనివారం దాన్ని తీసేసి, నొప్పికి టాబ్లెట్లిచ్చి ఇంటికి పంపించారు.

ఆదివారం పళ్లెం ఆయన చేతుల మీదుగానే వెళ్లింది. భవ్య ముఖం చూసి ఆయన కడుపు నిండిపోయింది. ఆ సంబరంలో టాబ్లెట్ వేసుకోవడం మరిచిపోయాడు. మోకాలు భగ్గుమంది. "అమ్మా" అన్నాడు.

ఆసుపత్రి మూలుగుల సంగతి సామ్రాజ్యం అప్పటికే పందిరంతా చాటేసింది. "చాల్లే అన్నయ్యా, ఇక్కడ నిన్నెవరూ పరామర్శకి రాలేదు" అంది. అందరూ ఘొల్లున నవ్వారు. టాబ్లెట్ తెమ్మంటే ఇంకా నవ్వారు. కొలకలూరు వాళ్లయితే చప్పట్లు కూడా కొట్టారు.

మొత్తం వైద్యంలో శివరామయ్య నిజంగా మూలిగింది ఆ ఒక్కసారే.