తుప్పు పట్టిన బ్రేకు, పట్టు వదలని బావ

“ఈ ఊళ్ళో దొంగలకు నిద్ర పట్టకపోవడానికి కారణం దోమలనుకుంటున్నావా, బామ్మర్దీ? కాదు, నేను!” అన్నాడు మా బావ, కాఫీ గ్లాసు అందుకుంటూ.

మా అక్క మొగుడు వృత్తిరీత్యా దర్జీ. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతూ ఉంటుంది. పరిశోధన మాత్రం పుట్టుకతోనే అబ్బిందని ఆయన నమ్మకం. ఇంతవరకు ఛేదించిన ఏకైక కేసు ఆయన కళ్ళజోడు మాయం కావడం. అది కూడా ఆయన నెత్తి మీంచి అక్క తీసిచ్చింది.

ఆ ఉదయం ఆయన చూపు నా మోటారుసైకిలు మీద పడింది. ఇంటింటికీ పార్సిళ్ళు చేరవేసే నాకు ఆ బండే కాళ్ళూ చేతులూ. ముందు చక్రం బ్రేకు డిస్కు అరిగి పలచబడిందని నాలుగు రోజుల క్రితమే కొత్తది వేయించాను. ఆ వెంటనే రెండు రోజులు ఎడతెరిపి లేని వాన. బండి వాకిట్లోనే తడిసింది.

బావ వంగి చూశాడు. డిస్కు నిండా ఎర్రటి పొర.

“నెత్తురు!”

“తుప్పు, బావా.”

“నువ్వలా అనుకోవాలనే హంతకుడి ఎత్తు!”

వేలితో రుద్దాడు, వాసన చూశాడు, చివరికి నాలుక మీద కూడా వేసుకుని మొహం వికారంగా పెట్టాడు. “తుప్పే. అంటే కేసు ఇంకా లోతైందన్నమాట. నాలుగు రోజుల డిస్కుకు తుప్పేమిట్రా? పాత ఇనప ముక్క నీకు తగిలించి అసలుది మింగేశారు. రేపు నడిరోడ్డు మీద బ్రేకు పడదు. నువ్వు పైకి, నీ ఫోటో గోడకి! ఆధారం దొరికింది బామ్మర్దీ. ‘ఆధారం’లోనే దారం ఉంది. దాన్ని లాగడం దర్జీకి ఒకరు నేర్పాలా?”

బండితో సహా, ఆ డిస్కు బిగించిన మెకానిక్ షెడ్డుకు, వీధి ఎగువకు వెళ్ళాం. ముందు నడిచింది ఆయన, ఎత్తు మీదికి బండి తోసింది నేను.

షెడ్డు నడిపే ఆవిడను అందరూ స్పానరక్క అంటారు. తెరిచి నెలే అయింది. ఆడమనిషికి బండ్ల గురించి ఏం తెలుసని మొదట్లో మొహం తిప్పుకున్నవాళ్ళు ఇప్పుడిప్పుడే తాళాలు ఆమె చేతిలో పెడుతున్నారు. మేం వెళ్ళేసరికి అలాంటివాళ్ళు ముగ్గురున్నారు.

“నీ నాటకానికి తెర పడిందమ్మా!” అని గర్జించాడు బావ. “కొత్త డిస్కు ఎక్కడ దాచావ్?”

ఆమె చక్రం చూసి నవ్వేసింది. “ఇదే అన్నా ఆ డిస్కు. పోత ఇనుముది. బరువులు మోసే బండి కదా, బ్రేకు గట్టిగా పట్టాలని వేశాను. తడిపి ఊరికే నిలబెడితే పైపైన తుప్పొస్తుంది. నాలుగుసార్లు బ్రేకు వేస్తే డిస్కును పట్టి ఆపే ప్యాడ్లే దాన్ని గీకేస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీలుకైతే అంత తొందరగా రాదు, కానీ పట్టు కొంచెం తక్కువ. రెండూ చెప్తే మీ బావమరిదే ఇది వేయమన్నాడు.”

అందరూ నా వైపు చూశారు. ఆవేళ నేను ఫోనులో ఎవరికో ఇంటి నంబరు అరిచి చెబుతూ, ఆమె మాట వినకుండానే తలూపాను. ఆ సంగతి గొణుగుతూ ఒప్పుకున్నాను.

“సాక్షిని బెదిరించారు!” అన్నాడు బావ. టేపు తీసి డిస్కును కొలిచి, ఎవరి నడుమో కొలిచినట్టు చీటీ మీద రాసుకున్నాడు.

ఒకాయన బల్ల మీది తన తాళం మెల్లగా తీసుకున్నాడు. “మళ్ళీ వస్తాలేమ్మా.”

స్పానరక్క మొహంలో నవ్వు ఆరిపోయింది. చేతిలో నూనె గుడ్డ నలుగుతోంది. “నెల రోజుల కష్టం అన్నా. ఒక్క మాటతో తుడిచేస్తున్నారు.”

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. బావకు మాత్రం ఉత్సాహం రెట్టింపైంది. “బండిని స్వాధీనం చేసుకుంటున్నాను!” అంటూ ఎక్కి కూర్చుని స్టాండు తన్నాడు.

“బావా, నీకు బండి రాదు!”

“డిటెక్టివుకు రానిదంటూ ఉండదు!”

ఇంజను వేయలేదు. ఆ అవసరం కూడా రాలేదు. బండి పల్లంలోకి తనంతట తానే బయలుదేరింది.

“తప్పుకోండి! చట్టం వస్తోంది!” అని కేకలు పెడుతూ బావ జారిపోతున్నాడు. వెనక నేను, స్పానరక్క, ఆ ముగ్గురు మనుషులు పరుగు. భయమేసినప్పుడల్లా ఆయన బ్రేకు నొక్కుతున్నాడు, కర్రుమంటోంది. ప్రాణం కుదుటపడగానే వదిలేస్తున్నాడు, బండి మళ్ళీ పరుగు. నొక్కుడు, వదులుడు, నొక్కుడు, వదులుడు.

వీధి చివర ఇద్దరు కూలీలు నిలువుటద్దం మోసుకుంటూ రోడ్డు దాటుతున్నారు. అందులో మెడకు టేపు చుట్టుకున్న ఓ భయంకరుడు బండి మీద తన పైకే దూసుకురావడం బావ చూశాడు.

“హంతకుడు!” అని అరిచి, ఉన్న బలమంతా పెట్టి బ్రేకు నొక్కేశాడు.

బండి అద్దానికి జానెడు దూరంలో టక్కున ఆగింది.

మేం రొప్పుతూ చేరుకున్నాం. తాళం తీసుకున్నాయన అందరికంటే ముందు వంగి చక్రం చూశాడు. డిస్కు మీద ఎరుపు లేదు. వెండి పళ్ళెంలా తళతళలాడుతోంది.

“తుప్పు వదిలిందండోయ్!” అన్నాడాయన. తన తాళం స్పానరక్క చేతిలో పెట్టి, “నా బండికీ ఇలాంటిదే బిగించమ్మా. ఇంతకంటే పరీక్షేం కావాలి?” అన్నాడు.

ఆమె కళ్ళు మెరిశాయి. నాకు ఊపిరి తిరిగొచ్చింది.

“నేను కావాలనే చేసిన ప్రయోగం ఇది,” అన్నాడు బావ, పళ్ళు టకటకలాడుతుంటే. “కేసు తేలిపోయింది. దోషి వాన. ప్రస్తుతం పరారీలో ఉంది. నిన్ను అనుమానించినందుకు క్షమించు చెల్లెమ్మా.”

“సరేలే అన్నా. ఇక వదలండి.”

“కేసు మధ్యలో వదిలే అలవాటు నాకు లేదు.”

“కేసు కాదన్నా, బ్రేకు!” అంటూ ఆమె ఆయన బిగిసిపోయిన వేళ్ళను ఒక్కొక్కటిగా ఊడదీసింది.