కౌన్సిలర్ గారి పేరు లేని ఇళ్ళు

"ఈ ఊళ్ళో నా పేరున ఒక్క ఇటుక కూడా లేదు!" అని కౌన్సిలర్ టాప్‌స్కాట్ గారు టౌన్‌హాల్లో గుండె మీద చెయ్యేసుకుని ప్రకటించారు. మేయర్ గారికి కళ్ళు చెమర్చాయి. ఇరవై ఏళ్ళుగా ఇనుప సామాను అమ్ముకుంటున్న నాకూ చెమర్చాయి. మిల్ లేన్‌లో పదకొండు ఇళ్ళ అద్దె ఆయన జేబులోకే పోతుందని ఊరంతా ఎరుగును. అంత నిరాడంబరత నేనెక్కడా చూడలేదు.

ఆ రోజు సభ ముందున్న తీర్మానం: కారే కప్పుల్ని యజమానులు నెలలోగా బాగుచేయించాలి. ఇళ్ళున్న సభ్యుడు ఆ సంగతి రిజిస్టర్లో రాసి, ఓటింగ్ వేళ బయటికి వెళ్ళాలని మా రూలు. ఆయన "ఏ ఆస్తీ లేదు" అని సంతకం పెట్టి, దర్జాగా కూర్చుని, వద్దని ఓటేశారు. తీర్మానం ఒక్క ఓటుతో వీగిపోయింది.

మర్నాడు తాళం కొనడానికి నా కొట్టుకొచ్చారు.

"ఇళ్ళు మీవి కావా సార్?" అన్నాను.

"హార్కర్, మన ఇంగ్లీషు చట్టంలో సొంతమనేది రెండంతస్తుల మేడయ్యా. కాగితం మీద పేరు ఒకడిది, అనుభవం ఇంకొకడిది. పేరు మా బావమరిది కత్‌బర్ట్‌ది. అనుభవం నాది. యుద్ధానికెళ్ళే దొరలు భూముల్ని స్నేహితుల పేర పెట్టి పోయిన నాటి నుంచీ ఉందీ పద్ధతి."

"తిరిగొచ్చాక ఆ స్నేహితులు ఇచ్చేసేవాళ్ళా?"

"ఇచ్చేస్తే ఇంత చట్టం ఎందుకు పుడుతుందయ్యా!"

ఆ ఇళ్ళలో ఒకదాంట్లో మిసెస్ పాస్క్ అనే వితంతువు మాంసం కూరిన పేస్టీ రొట్టెలు కాల్చి అమ్ముతుంది. కప్పు సరిగ్గా ఆమె పొయ్యి మీదే కారుతోంది. పొయ్యి ఆరితే ఇల్లు గడవదు. ఆమె కత్‌బర్ట్ దగ్గరికి వెళ్ళింది.

"నేను ఉత్త పేరునమ్మా," అన్నాడు కత్‌బర్ట్. "పేరు నిచ్చెనెక్కుతుందా?"

కౌన్సిలర్ గారి దగ్గరికి వెళ్ళింది. "అద్దె మీరే కదా బాబూ తీసుకునేది?"

"అద్దె అనుభవం. అది నాది. చిల్లు అనుభవం కాదు, అవస్థ. అవస్థ పేరున్నవాడిది."

"పేరున్నవాడు తనది కాదంటున్నాడే!"

"వినయం మా ఇంటి లక్షణమమ్మా."

ఆమె నా దగ్గర మూడు బకెట్లు కొంది. నేను మరో డజను తెప్పించాను. వ్యాపారికి ముందుచూపు ఉండాలి.

ఈ సిద్ధాంతం ఊరంతా పాకింది. కౌన్సిలర్ గారి కుక్క పోస్ట్‌మ్యాన్‌ని కరిస్తే, కుక్క కత్‌బర్ట్ పేర ఉందనీ, తోక ఊపడం వరకే తనదనీ ఆయన వివరించారు. మేయర్ గారు కారును అత్తగారి పేర పెట్టారు. మంచం దిగలేని ఆ ఎనభై రెండేళ్ళ తల్లికి వేగంగా నడిపినందుకు మూడు నోటీసులు వచ్చాయి.

ఒక ఉదయం పొయ్యి ఆరనే ఆరింది. మిసెస్ పాస్క్ తడి ఏప్రన్‌తోనే వెళ్ళి కత్‌బర్ట్ తలుపు తట్టి, అంతవరకూ ఎవరూ అడగనిది అడిగింది.

"నాయనా, ఇల్లు నాకు అమ్ముతావా?"

కత్‌బర్ట్ తలుపు బార్లా తెరిచాడు. "పేరు నాదే కదా!" అన్నాడు.

ఆమె లాయరు భూముల రిజిస్టరు తిరగేశాడు. కత్‌బర్ట్ తప్ప ఇంకో పేరు లేదు. కౌన్సిల్ రిజిస్టరు చూశాడు. టాప్‌స్కాట్ గారికి ఏ ఆస్తీ లేదు. కారే కప్పుకు తగ్గ ధర కుదిరింది. వారం తిరక్కుండా కప్పు మీద కొత్త పలకలు పడ్డాయి.

కౌన్సిలర్ గారు టోపీ లేకుండా నా కొట్టులోకి పరిగెత్తుకొచ్చారు. "దోచేశారు హార్కర్!"

"కోర్టుకెళ్ళండి సార్."

"వెళ్తే ఇల్లు నాదని చెప్పాలి. చెబితే సీటు పోతుంది! పైగా దాచిన హక్కు కొన్నవాళ్ళ మీద చెల్లదట. ఇంత బాగా దాచిన మనిషిని చూడలేదని మా లాయరు మెచ్చుకుంటున్నాడు!"

"కత్‌బర్ట్ ఏమంటాడు?"

"చెక్కు తెచ్చి నా చేతిలో పెట్టాడు వెధవ! 'అనుభవించు బావా' అన్నాడు. దేనికొచ్చిందని బ్యాంకులో చెప్పను?"

ముక్కు చీదుకుని గొంతు తగ్గించారు. "ఇక వాణ్ణి నమ్మను. మిగతా పదీ నీ పేర పెట్టిస్తాను. నువ్వు నిజాయితీపరుడివి. మన మధ్య కాగితం మాత్రం వద్దు."

అంత పెద్దమనిషి నమ్మి అడిగితే కాదనడం మర్యాద కాదు. గురువారం సంతకాలయ్యాయి.

శుక్రవారం నేను కొట్టు తెరిచేసరికి మిల్ లేన్ నుంచి పది కుటుంబాలు గుమ్మంలో నిలబడి ఉన్నాయి. ముందున్న ముసలాయన టోపీ తీసి, "ఇళ్ళ బేరం గురించి మీతో ఒక్క మాట మాట్లాడాలయ్యా," అన్నాడు.

తలుపుకి 'మూసి ఉంది' బోర్డు తగిలించి, అందర్నీ లోపల కూర్చోబెట్టి, టీకి నీళ్ళు పెట్టాను.