మైలవరం ఒరిజినల్

ఆ శనివారం పొద్దున్నే నతానియేలు, భార్య హెప్సిబా గుణదల నుంచి బయలుదేరి మైలవరం బస్సెక్కారు. కారు కొని, మధ్యాహ్నం భోజనానికి అందులోనే ఇంటికి రావాలని వాళ్ల ఆలోచన. నతానియేలు ముప్పయ్యేళ్లు కోర్టు రికార్డు గదిలో పనిచేసి రిటైరయ్యాడు. నకలు అన్న మాట వింటేనే ఆయనకు ఆకలి మందగించేది. కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టుగా ఉన్న పాత అంబాసిడర్ కోసం రెండేళ్లుగా వెతుకుతున్నాడు. మార్పులు చేసినవి పదకొండు చూసి వద్దనుకున్నాడు.

మైలవరంలో ఇశ్రాయేలు అనే రైతు చనిపోయాక ఆయన భార్య శౌరమ్మ కారు అమ్మకానికి పెట్టింది. డెబ్బై అయిదేళ్ల మనిషి, చెవుడు.

"ఒరిజినలేనా అమ్మా?" అని గట్టిగా అడిగాడు నతానియేలు.

"అంతా ఒరిజినలే బాబూ. మా ఆయన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. మొన్నొకాయన రంగు మారుస్తానన్నాడు, ఇవ్వనన్నాను. మీరూ ఏదీ మార్చనని మాటివ్వాలి."

నతానియేలుకు తోబుట్టువు దొరికినట్టయింది. "ఒక్క మేకు కూడా మార్చనమ్మా," అన్నాడు. అలాంటి మనిషి ముందు బానెట్ ఎత్తి చూడటం మర్యాద కాదనిపించి ఎత్తలేదు.

కారు కొని ఇంటికి వస్తూ, ఇబ్రహీంపట్నం దగ్గర సైకిలొకటి అడ్డొస్తే హారన్ నొక్కాడు. ముందు వెళ్తున్న బస్సు పక్కకు తప్పుకుని దారిచ్చింది.

"అంబాసిడర్ హారన్ ఇంత మోగుతుందా అండీ?" అంది హెప్సిబా.

"ఆ రోజుల్లో ఇనుము మంచిది," అన్నాడు.

సోమవారం ఆటోనగర్లో మెకానిక్ అంకమ్మరావు బానెట్ ఎత్తి, తలుపులు తీసి లోపలంతా తడిమి చూశాడు.

"ఇంజను జీపుదండి. గేర్ బాక్స్ ఏదో వ్యానుది. హారన్ లారీది. డ్రైవర్ సీటు కవరు కింద ఉన్నది టేకు కుర్చీ, కాళ్లు కోసి బిగించారు."

"మరి అంబాసిడర్ ఏదయ్యా?"

"తలుపులు అంబాసిడర్‌వేనండి." అంకమ్మరావు కారు చుట్టూ తిరిగొచ్చాడు. "మూడు."

రెండు రోజులు నతానియేలుకు ముద్ద దిగలేదు. ఆ పెద్దావిడ మోసం చేసిందనుకోవడానికి మనసొప్పలేదు. ఏ మెకానిక్కో భార్యాభర్తలిద్దరి కళ్లూ గప్పి సామాన్లు మార్చేసి ఉంటాడని తీర్మానించుకున్నాడు. ఇచ్చిన మాట నిలబడాలంటే కారును మళ్లీ ఒరిజినల్ చెయ్యడమే దారి. ఏలూరు, తెనాలి, గుడివాడ తిరిగి కంపెనీ ఇంజను దగ్గర్నుంచి నాలుగో తలుపు దాకా సంపాదించాడు. ఆరు నెలలు పట్టింది. తీసేసినవన్నీ అంకమ్మరావు షెడ్డులో ఒక మూలకు చేరాయి.

ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్లకు గుణదల వచ్చిన శౌరమ్మ, కారు చూసిపోదామని వాళ్లింటికి వచ్చింది. నతానియేలు కవరు తీసి, పక్కన నిలబడ్డాడు. ఆవిడ చుట్టూ తిరిగి చూసింది.

"మా కారెక్కడ బాబూ?"

"ఇదేనమ్మా. ఎవరో మార్చినవన్నీ తీసేసి ఒరిజినల్ చేయించాను. హారన్ వినండి," అని నొక్కాడు.

"నొక్కండి," అంది శౌరమ్మ.

"నొక్కానమ్మా."

ఆవిడ కారు మీద చెయ్యి వేసింది. "నాకు చెవుడొచ్చాక మా ఆయనే ఆ హారన్ పెట్టారు. ఊరి మొదట్లో అది వినపడితే కంచం పెట్టేదాన్ని. నడుం పోయాక ఆ కుర్చీ బిగించుకున్నారు. అన్నీ ఆయన చేత్తో చేసినవే. ఆ రోజే చెప్పాను కదా బాబూ."

ఆవిడ కోపంగా అని ఉంటే బాగుండేదనిపించింది నతానియేలుకు.

మర్నాడు ఆటోనగర్లో సంగతంతా విని అంకమ్మరావు చేతులు తుడుచుకున్నాడు. "అంటే, కంపెనీవాళ్ల తప్పులన్నీ మళ్లీ దిద్దాలన్నమాట."

"అన్నీ. కుర్చీతో సహా," అన్నాడు నతానియేలు.

ఆ ఏడాది చివర విజయవాడలో జరిగిన పాత కార్ల ప్రదర్శనకు ఆయన దరఖాస్తు పెట్టాడు. తయారీదారు అన్నచోట గుండ్రటి అక్షరాలతో 'ఇశ్రాయేలు, మైలవరం' అని రాశాడు. న్యాయనిర్ణేత కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"ఈ కంపెనీ పేరెప్పుడూ వినలేదండీ."

"ఒక్క కారే చేశారండి," అన్నాడు నతానియేలు.