అరవై బస్తాల సూదిమందు

మా ఆసుపత్రికి సూదిమందు లారీలో వచ్చింది. దీనికి ఆశ్చర్యపోయేవారు పెద్ద ఆసుపత్రులు చూసినవారు కారని మనవి.

కాన్పుల వార్డు హెడ్ నర్సు మెగ్నీషియం సల్ఫేటు ఇంజెక్షన్లు అరవై కావాలని ఇండెంటు పెట్టింది. నెలలు నిండిన తల్లులకు బీపీ పెరిగి మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంటే ఎక్కించే మందు అది. బొటనవేలంత గాజుబుడ్డిలో వస్తుంది. ఇండెంటును కొనుగోలు కమిటీ లోతుగా పరిశీలించింది. లోతుగా అంటే, బుడ్డి పగలగొట్టి లోపల ఏముందో చూసింది. లోపల ఎక్కువ భాగం నీళ్లే. చుట్టూ గాజు. నీళ్లు మన కుళాయిలో ఉన్నాయి, గాజు మన కిటికీలకు ఉంది, కాబట్టి అసలు సరుకు మాత్రం కొంటే చాలునని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. బట్టలకు రంగులద్దే కార్ఖానాల వాళ్లకు అదే పేరుగల సరుకు సరఫరా చేసే వ్యాపారి దొరికాడు. నర్సు అరవై అడిగింది గనక అరవై వచ్చాయి. బస్తాలు.

స్టోర్సు గదిలో చోటు లేదు. అందులో చక్రాలు లేని చక్రాల కుర్చీలున్నాయి. చక్రాలది వేరే ఇండెంటు. అందుచేత బస్తాలను కాన్పుల వార్డు ముందున్న వరండాలో, కాన్పులవాళ్ల చుట్టాలు కూర్చునే బల్లలు తీసేసి పేర్చారు. చుట్టాలు బస్తాల మీద కూర్చున్నారు.

స్టోర్సు అధికారిని ఆసుపత్రిలో అందరూ రూళ్లకర్ర అంటారు. నిటారుగా ఉంటాడు, రూలు దాటడు, ఎవరి పనికీ వంగడు. హెడ్ నర్సు బస్తాలోంచి తెల్లటి ఉప్పులాంటి ఆ సరుకు గుప్పెడు తెచ్చి ఆయన బల్ల మీద పోసింది.

"సార్, ఇది రంగుల కార్ఖానా సరుకు. దీన్ని నరంలోకి ఎక్కిస్తే మనిషిని మంచం మీంచి కిందికి దించుకోవడమే."

"పేరు మెగ్నీషియం సల్ఫేటేనా కాదా?"

"పేరు అదే."

"మరింకేం? పేరు కలిసింది. మిగతాది మీ వార్డు వ్యవహారం."

"అయితే బుడ్లకు ఇంకో ఇండెంటు పెడతాను."

"పెట్టకూడదమ్మా. ఒక సరుకు నిల్వ ఉండగా అదే పేరుతో మళ్లీ అడగడానికి రూలు లేదు. ఇవి అయిపోనివ్వండి."

"పారబోస్తే?"

"నేరం. వాడితే సేవ."

ఇక్కడ అంబులెన్సు డ్రైవరు గురించి చెప్పాలి. అతని భార్యకు తొలి కాన్పు. కాళ్లు దిమ్మల్లా వాచి, బీపీ పూటపూటకీ మెట్లెక్కుతూ, అదే వార్డులో పడుకుని ఉంది. వచ్చిన పేషెంటునల్లా వార్డులో దించి, డ్రైవరు వరండాలోకి వచ్చి హెడ్ నర్సును అడిగేవాడు.

"అక్కా, మా ఆవిడకి కావాలన్న ఆ మందు వచ్చిందా?"

"వచ్చింది తమ్ముడూ. దాని మీదే కూర్చున్నావు."

బయట కొనితెద్దామంటే, బయటి మందు లోపలికి తేరాదని గేటు దగ్గర బోర్డు ఉంది. ఏరు దాటితే ఛాతీ రోగాల ఆసుపత్రి ఉంది. ఉబ్బసం ముదిరినవాళ్లకు ఈ బుడ్లే వాడతారు గనక అక్కడ మందుంది, కాన్పుల వార్డు లేదు. ఇక్కడ వార్డుంది, మందు లేదు. దీన్ని ప్రణాళిక అంటారు. వాళ్లు బుడ్లు అప్పిస్తారు గానీ, మా సూపరింటెండెంటు సంతకమున్న ఇండెంటు చూపాలి. ఉప్పు ఉన్నంతకాలం ఆ సంతకం పడదు.

హెడ్ నర్సుకు నోరు పెద్దది, బుర్ర అంతకన్నా పెద్దది. వరండాలో నడుం మీద చెయ్యేసుకుని బస్తాలను ఎగాదిగా చూసింది. ఈ ఉప్పును అవగొట్టాలి, అదీ సేవ చేసి అవగొట్టాలి అనుకుంది.

సూపరింటెండెంటుగారికి గులాబీలంటే ప్రాణం. ఆయన కుండీల్లో ఆకుల ఈనెలు పచ్చగానే ఉండి, వాటి మధ్య భాగం పసుపు పడుతోంది. అది మెగ్నీషియం చాలకపోవడమేనని నర్సుకు తెలుసు. చెంచాడు ఉప్పు నీళ్లలో కలిపి పోయించింది. ఆకులు తేరుకున్నాయి. సూపరింటెండెంటుగారు కుండీ ముందు నిలబడి కరిగిపోయారు. చెంచాడుకే ఇంత పచ్చదనమైతే బస్తాకు ఎంతుండాలని తోటంతా బస్తాల లెక్కన చల్లించారు. తోట ఎండిపోయింది. ఎండిన మొక్కలకు ఆకులు పసుపు పడే బెడద శాశ్వతంగా తొలగిపోయిందని నివేదిక వెళ్లింది.

తర్వాత పాదాలు. గోరువెచ్చని నీళ్లలో ఈ ఉప్పు వేసి కాళ్లు పెట్టుకుంటే నొప్పులు పోతాయని లోకంలో చాలామంది నమ్మకం. పోతాయనడానికి గట్టి రుజువు లేదు. పోలేదని పై అధికారి ఎదుట చెప్పే గట్టి మనిషీ లేడు. ప్రతి బల్ల కిందా ఒక టబ్బు వెలిసింది. ప్యాంట్లు మోకాళ్ల దాకా మడిచి, పాదాలు నానబెట్టి, ఉద్యోగులు ఫైళ్లు చూసేవారు. ఫైళ్లు అంతకుముందు కూడా నానేవి, ఈసారి నిజంగా తడిశాయి. తడి పీల్చడానికి మళ్లీ ఇదే ఉప్పును వంటగదిలో పెద్ద పెనం మీద వేయించారు. వేయిస్తే దానిలోని నీరంతా పోయి, ఆ తర్వాత ఎక్కడ చెమ్మ కనిపిస్తే అక్కడ పీల్చుకుంటుంది. దాన్ని సంచుల్లో కట్టి బీరువాల్లో పెట్టారు. ఇచ్చిన పని చేసి గడ్డకట్టిపోయిన ఉద్యోగి మా ఆసుపత్రిలో అదొక్కటే. మిగతావారు పని చేయకుండానే గడ్డకట్టారు.

ఆ ఉప్పుకు పాత పేరు భేది ఉప్పు. ఈ సంగతి ఆలస్యంగా తెలిసిన రూళ్లకర్ర, ఫిర్యాదులు తెచ్చేవారికి మర్యాదగా ఒక గ్లాసు ఇవ్వాలని సూచించాడు. చేదుగా ఉన్నా అధికారి చేత్తో ఇచ్చింది గనక తాగేవారు. ఫిర్యాదులు హఠాత్తుగా తగ్గాయి, వరసలో ఎక్కువసేపు నిలబడగలిగినవారు లేక. కొనుగోలు కమిటీ కూడా తలా ఒక గ్లాసు రుచి చూసింది. కమిటీలో అంతవరకు భేదాభిప్రాయాలుండేవి. ఆ పూటకు అభిప్రాయాలు పోయి మొదటి సగమే మిగిలింది.

ఈ లోపల ఊరికి వార్త పాకింది. ఆసుపత్రిలో సకల రోగాలకూ ఒకటే ఉప్పని, గులాబీ నుంచి గుదం దాకా దాని చేతిలో ఉన్నాయని, జనం డబ్బాలు పట్టుకుని వచ్చారు. హెడ్ నర్సు ఎవరినీ కాదనలేదు. మోకాలికా, తీసుకో. మొక్కకా, తీసుకో. అల్లుడికా, ఇంకాస్త తీసుకో. వరండా ఖాళీ అవుతుంటే ఆమె మొహం వెలిగింది.

చివరికి ఒక్క బస్తా మిగిలింది. ఆ ఒక్కదాన్ని ముట్టుకోవద్దని సూపరింటెండెంటుగారు ఆజ్ఞాపించారు. భావితరాలు చూడొద్దా మరి? దానికి రిబ్బను కట్టి, ముందు ఆవరణలో బల్ల మీద నిలబెట్టి, విజయోత్సవ సభ పెట్టించారు.

సభనాడు పొద్దున డ్రైవరు భార్య తల పట్టుకుంది.

"అక్కా, కళ్ల ముందు మెరుపులు మెరుస్తున్నాయి."

నర్సు బీపీ చూసింది. ఆ అంకె డ్రైవరుకు చెప్పలేదు. "బండి స్టార్టు చేసి ఉంచు," అని మాత్రం చెప్పి, ఇండెంటు కాగితం పట్టుకుని సభలోకి నడిచింది. "సార్, ఒక్క సంతకం. మూర్ఛ రాకముందే మందు పడాలి."

సూపరింటెండెంటుగారు బస్తా వైపు వాత్సల్యంగా చూశారు. "నిల్వ ఉంది కదమ్మా."

"అది చూడ్డానికి ఉంది సార్."

"ఉండటమంటూ ఉంది కదా," అన్నాడు పక్కనున్న రూళ్లకర్ర.

మైకు పిలిచింది. సూపరింటెండెంటుగారు లేచారు. "సోదర సోదరీమణులారా, మన పూర్వీకులు ఉప్పు తిన్నారు. మనం అందులో కాళ్లు పెట్టాం. ఇదీ నాగరికత. ఈ ఉప్పునీటిలో తడిపి ఆరేసిన కర్టెనుకు నిప్పు అంత తేలిగ్గా అంటుకోదు. నాకు మల్లేనే. నన్ను ఎన్ని ఆరోపణలు చుట్టుముట్టినా ఏనాడూ అంటుకోలేదు."

చప్పట్లు మోగాయి. అలా తడిపి ఆరేసిన ఒక కర్టెనును వేదిక మీద వేలాడదీసి, కింద కాగడా పెట్టారు. కర్టెను నల్లబడింది గానీ మండలేదు. ఉప్పు మాట నిలబెట్టుకుంది. పక్కనే సూపరింటెండెంటుగారి నిలువెత్తు బొమ్మతో ఒక బట్ట బ్యానరు ఉంది. రంగు వెలుస్తుందని దాన్ని మాత్రం ఉప్పునీటిలో ముంచలేదు. కాగడా అటు తిరిగింది. బొమ్మలో మీసానికి ముందుగా అంటుకుంది.

హెడ్ నర్సు ఒక్క అంగలో గోడనున్న మంటలార్పే పైపు లాగి, బస్తాకు గురిపెట్టి తిప్పింది.

"ఇటమ్మా, మంట ఇటు," అన్నారు సూపరింటెండెంటుగారు బ్యానరు నుంచి దూరం జరుగుతూ.

"వస్తున్నా సార్. ముందు భావితరాల ఆస్తిని కాపాడనివ్వండి."

ఈ ఉప్పుకున్న గుణాలన్నిటిలో ఉత్తమమైనది, నీళ్లు కనిపిస్తే మొహమాటం లేకుండా కరిగిపోవడం. గోనె కుంచించుకుపోయింది, రిబ్బను వాలింది, తెల్లటి ధార బల్ల దిగి ముందు వరస బూట్ల కిందుగా కాలవలోకి పోయింది. ఆ తర్వాత ఆమె తీరిగ్గా బ్యానరు ఆర్పింది. అప్పటికి మోకాళ్ల కింది భాగమే మిగిలింది, అదృష్టవశాత్తూ పాదాలు క్షేమం.

తడి చేత్తో కాగితం చాపింది. "సార్, సంతకం."

"నిల్వ?"

"మీ బూట్లలో ఉంది సార్."

సూపరింటెండెంటుగారు రూళ్లకర్ర వైపు చూశారు. రూళ్లకర్ర వంగి, అవును, వంగి, కాలవ పరిశీలించాడు. "నిల్వ శూన్యం. రూలు ప్రకారం పెట్టొచ్చు," అన్నాడు.

సంతకం పడింది. అంబులెన్సు ఏరు దాటి, బుడ్లు ఒళ్లో పెట్టుకుని తిరిగొచ్చింది. హెడ్ నర్సు మందు ఎక్కించి, మణికట్టు వదలకుండా మంచం పక్కనే కూర్చుంది. మూర్ఛ రాలేదు. మధ్యాహ్నం దాటాక డాక్టరమ్మ ఆడపిల్లను బయటికి తీసింది. పిల్ల ఏడుపు వరండా అంతా వినిపించింది, అడ్డంగా బస్తాలు లేవు గనక.

ఇక మిగిలింది అభివృద్ధి. సంతకమైన ఇండెంటు పద్ధతి ప్రకారం కొనుగోలు కమిటీకి వెళ్లింది. ఇంత ప్రజాదరణ పొందిన సరుకు మళ్లీ అడిగారని కమిటీ పొంగిపోయి, ఈసారి రెండు లారీలు తెప్పించింది. అరువు బుడ్లు తిరిగివ్వమని ఛాతీ ఆసుపత్రి అడిగితే రెండు బస్తాలు పంపారు. అక్కడి స్టోర్సు అధికారి పేరు సరిచూసుకుని, కలిసిందని, సంతకం చేసి తీసుకున్నాడు. వాళ్ల కుండీల్లో కూడా ఆకులు పసుపు పడుతున్నాయట.

మెగ్నీషియం సల్ఫేటుతో తల్లీబిడ్డా క్షేమమని పేపర్లో వేశారు. ఫొటోలో బస్తా, బస్తా పక్కన కొత్త బ్యానరు. మాట అబద్ధం కాదు, కనక ఖండించడానికి నర్సుకు వీలు చిక్కలేదు. మిగిలిన నాలుగు బుడ్లు ఆమె తన బీరువాలో దాచి తాళం వేసుకుంది.

ఆ మర్నాడు ఉప్పు కోసం గేటు దాకా వరస. వరసలో మొట్టమొదట పాల డబ్బా పట్టుకుని డ్రైవరు నిలబడ్డాడు.

"నువ్వేంట్రా ఇక్కడ?" అంది హెడ్ నర్సు.

"పాపకి దాచుకుందామని కాసింత ఉప్పు, అక్కా. దీంతోనే కదా వాళ్లమ్మ బతికింది."

"ఏరు దాటి బుడ్లు తెచ్చింది నువ్వే కదరా?"

"తెచ్చాననుకో." డ్రైవరు మడత పెట్టిన పేపరు జేబులోంచి తీసి చూపించాడు. "కానీ ఇందులో ఇలా రాశారుగా అక్కా."

హెడ్ నర్సు పేపరు చదివి, మళ్లీ మడిచి అతని జేబులో పెట్టింది. డబ్బా నింపి ఇచ్చింది.

డ్రైవర్ని చూసి మీరు నవ్వుకుంటున్నారు. నవ్వుకోండి, ఆరోగ్యానికి మంచిది, అదీ పేపర్లోనే వేశారు. కాకపోతే డబ్బా కాస్త పక్కకు పట్టుకుని ముందుకు జరగండి. మీ వెనక తోపులాట ఎక్కువగా ఉంది.