మొక్కు లేకుండా కొండెక్కితే

ఆదివారం పొద్దున ఆరింటికల్లా ఎవరి కంటా పడకుండా ఇల్లు కదలాలి. మధ్యాహ్నానికి మేనేజరును కొండమీదికి చేర్చాలి. సాయంత్రం బస్సులో దించుకొచ్చేయాలి. చంద్రగిరి వేరుశనగ సహకార సంఘంలో గుమాస్తా మునికృష్ణ వేసుకున్న పథకం ఇంతే. పథకంలో ఏ లోపమూ లేదు. శనివారం పొద్దున దాన్ని తల్లి మునెమ్మకు చెప్పడమే అతను చేసిన తప్పు.

అప్పటికి అతనికి పెళ్లయి నాలుగు నెలలు. భార్య పంకజాక్షి చంద్రగిరి బడిలోనే టీచరు. ఈలోగా కుప్పం బదిలీల జాబితాలో మునికృష్ణ పేరుందని తెలిసింది. కుప్పమంటే జిల్లాకు ఆ చివర. భార్య ఇక్కడ, తనక్కడ. తలుచుకుంటేనే అతనికి అన్నం సహించడం లేదు. ఆ జాబితా మీద సంతకం పెట్టాల్సినవాడు విశాఖపట్నం నుంచి కొత్తగా వచ్చిన జిల్లా మేనేజరు రాజారత్నం.

రాజారత్నానికి ఉన్న పిచ్చి ఒక్కటే, అడవుల్లో నడవడం. దాన్ని ఆయన ట్రెక్కింగ్ అనేవాడు. మెడలో బైనాక్యులర్స్, కాళ్లకు బరువైన బూట్లు. మంగాపురం వైపు నుంచి కొండకు పాత మెట్ల దారి ఉందనీ, అటు జనం పలచననీ శుక్రవారం మునికృష్ణ చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"పిట్టల కూతలు తప్ప ఇంకేమీ వినపడకూడదు సుమా! అడవిలో ఆఫీసు మాటెత్తావంటే మాత్రం ఊరుకోను," అన్నాడు.

ఇదంతా విన్న మునెమ్మకు ఒక్క ముక్క కూడా తలకెక్కలేదు.

"నడిచి కొండెక్కతావా? ఏం మొక్కుకున్న్యావురా?"

"మొక్కేమీ లేదుమా. ఊరికే."

"ఊరికే కొండెక్కేవాళ్లు యాడన్నా ఉండారా? బస్సులు లేవా?"

"మా మేనేజరు అడివి చూడాలంటాండాడు."

"అడివిలో ఏముండాది చూసేదానికి? కట్టెలు!"

మొక్కు లేకుండా కాలినడకన కొండెక్కే మనిషి ఆ చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు. కాబట్టి కొడుకు మొక్కు దాస్తున్నాడని మునెమ్మ తేల్చేసింది. ఈ సంగతి మధ్యాహ్నానికి పక్కింటి యశోదమ్మకు చేరింది. పొద్దుగూకేసరికి వీధంతా పాకింది. తోడు లేకుండా మొక్కు తీర్చుకోవడానికి పోనిస్తే వీధి పరువేం కావాలి?

ఆదివారం ఆరింటికి జీపు దిగిన రాజారత్నానికి మునికృష్ణ ఇంటి అరుగు మీద పదకొండుమంది కనిపించారు. అందరివీ పసుపు బట్టలే. చేతుల్లో పులిహోర గిన్నెలు, టెంకాయలు.

"ఎవరయ్యా వీళ్లంతా?"

మునికృష్ణ "పిట్టలంటే ప్రాణం సార్ వీళ్లకి," అనేశాడు.

రాజారత్నం పొంగిపోయాడు. ఈ ఊళ్లో ఇంతమంది ప్రకృతి ప్రేమికులున్నారని తనకెవరూ చెప్పలేదేమని వాపోయాడు. జీపులో పట్టినంతమంది పట్టారు, పట్టనివాళ్లు పట్టుకున్నారు.

కొండ అడుగున దిగాక ఆయన బైనాక్యులర్స్ సవరించుకుని, గుబురు చెట్టు మీది నీలిరంగు పిట్ట మీద చూపు నిలిపాడు. సరిగ్గా అప్పుడే ప్రకృతి ప్రేమికులు మొదటి మెట్టుకు కర్పూరం వెలిగించి, "గోయిందా! గోయిందా!" అని ఒక్క గొంతుతో అరిచారు. చెట్టు మీద నీలిరంగు పిట్టా లేదు, పక్క చెట్టు మీద కాకీ లేదు.

ఆయన తేరుకునేలోపే యశోదమ్మ ఆయన కాళ్లకేసి చూసి లెంపలేసుకుంది.

"ఏమప్పా సారూ, సామి కొండకి బూట్లేసుకుని వచ్చినావా! ఇప్పేయప్పా, ఇప్పేయి!"

"అమ్మా, ఇది అడవి. ముళ్లుంటాయి."

"సామే సూసుకుంటాడు లేప్పా."

పదకొండుమంది చుట్టుముట్టి చూస్తుంటే ఎంతటి మేనేజరైనా ఏం చేస్తాడు? బూట్లు పూలమ్మే అవ్వ దగ్గరికి చేరాయి. నున్నటి పాదాలతో రాజారత్నం వంద మెట్లు ఎక్కేసరికి కుంటడం మొదలైంది. రెండొందల మెట్ల దగ్గర ఓపిక అడుగంటింది.

"నువ్వు ముందు పోవయ్యా! పోతూ పోతూ మీవాళ్ల కేకల్ని కూడా తీసుకుపో!"

మునికృష్ణ మిగతా మెట్లన్నీ ఏడుపు దిగమింగుకుంటూ ఎక్కాడు. కుప్పం ఖాయమైపోయింది. వచ్చే నెల నుంచి పంకజాక్షి మొహం ఫోటోలోనే చూసుకోవాలి.

పైకి చేరగానే మునెమ్మ అతని చెయ్యి పట్టుకుని గబగబా గుండ్లు గీసే కళ్యాణకట్ట దారి పట్టింది.

"ఈడికెందుకుమా?"

"నువ్వు మొక్కుకోలేదంటివి గదా. ఉత్త చేతుల్తో కొండెక్కితే బాగుంటాదా? అందుకే నిన్న నేనే మొక్కుకుంటి. కుప్పం తప్పిపోతే నీ తల ఇస్తానని."

"మొక్కేది నువ్వు, తల నాదా?"

"కొడుకు తల తల్లిది గాక ఇంకెవురిది?"

"ఇంకా తప్పలేదు కదమ్మా!"

"ముందే ఇచ్చేస్తే సామి మాట తప్పేదానికి ఈలుండదు. కూర్చో."

మునికృష్ణ చెవులు కప్పే తన ఉంగరాల జుట్టును ఒకసారి తడుముకున్నాడు. మేనేజరు కోపం కళ్ల ముందు మెదిలింది. ఇక స్వామి తప్ప దిక్కెవరు? తలొంచి కూర్చున్నాడు.

గంట తర్వాత రాజారత్నం కుంటుకుంటూ పైకొచ్చాడు. చందనం పూసిన గుండుతో ఎదురొచ్చిన మనిషిని ఆపాడు.

"బాబూ, మునికృష్ణ అని చంద్రగిరి కుర్రాడు, ఉంగరాల జుట్టు. చూశావా?"

"నేనే సార్."

రాజారత్నం ఆ గుండును బైనాక్యులర్స్‌లోంచి ఒకసారి చూశాడు. మునికృష్ణ చేతులు కట్టుకున్నాడు. "అడవి అయిపోయింది కదా సార్. నా కుప్పం బదిలీ..."

"కుప్పమా? నీ పేరు శుక్రవారమే కొట్టేశానయ్యా! కొండ దారి తెలిసిన మనిషిని అంత దూరం పంపుకుంటానా?"

వెంట ఉన్న పదకొండుమందీ లెక్క వేసుకున్నారు. రద్దు శుక్రవారం, మొక్కు శనివారం. అందరూ మునెమ్మ వైపు తిరిగారు. ఆమె తొణకలేదు.

"సూసినారా? నేను అడగతానని సామికి ఒకరోజు ముందే తెలిసిపోయింది!"

"గోయిందా!" అన్నారందరూ.

రాజారత్నం మునికృష్ణ గుండు దగ్గరికి వంగి రహస్యంగా, "వచ్చే ఆదివారం తలకోన అడవికి పోదాం. మీ అమ్మకు మాత్రం చెప్పకు," అన్నాడు.

పరీక్ష పేపర్లు దిద్దుకోవాలని ఇంట్లోనే ఉండిపోయిన పంకజాక్షి సాయంత్రం తలుపు తీసింది. ఆమె నోరు తెరిచేలోపే కుప్పం తప్పిపోయిందని మునికృష్ణ ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలుగు వారాలుగా తనకూ నిద్ర లేదని మొదటిసారి ఒప్పుకుంది. తర్వాత ఆ గుండును అటు తిప్పి, ఇటు తిప్పి చాలాసేపు చూసింది.

"కుప్పం పోయింటే మీరు వారానికొకసారన్నా వస్తా వుంటిరి. ఈ జుట్టు రావాలంటే ఆర్నెల్లు గదా!"